అవ్వ ఉప్పు, ఈదమ్మ కప్పలు

మొన్న తొలకరికి మా బాత్రూంలోకి బోదురు కప్ప ఒకటి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. మా కాలనీలో పూలకుండీల్లో తప్ప ఇంకెక్కడా మట్టి కనిపించదు. బకెట్టు పక్కన గోడకు ఒదిగి, గొంతు కొట్టుకుంటూ, పిలవని పేరంటానికి వచ్చినదానిలా కూర్చుంది. కోడలు అరిచిన అరుపుకు పనిమనిషి మణెమ్మ వంటింట్లో నుంచి ఉప్పు డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "జర పక్కకు జరుగుండ్రి, గింత ఉప్పేస్తే దాని తిక్క కుదుర్తది" అంటూ పిడికిలి ఎత్తింది. నేను ఆ చేయి పట్టుకున్నాను. ఈ వయసులో నాకంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో కానీ మణెమ్మ చేయి కమిలింది. "కప్ప కోసం నా చెయ్యి ఇరగ్గొడ్తవా పెద్దమ్మా" అని ఆ పొద్దంతా మూతి ముడుచుకునే పని చేసింది.

కోడలు నవ్వి, "అత్తయ్యకు కప్పల మీద ఇంత ప్రేమ ఉందని తెలియదు" అంది. ప్రేమా పాడా! కప్పంటే నాకు చిన్నప్పటి నుంచీ రోతే. తడి కాలి మీద దూకితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఉప్పు పడితే కప్ప ఏమవుతుందో కళ్లారా చూసినదాన్ని. మణెమ్మకు అది పని. మా అవ్వకు ఆట.

మా ఊరు వనపర్తికి ఎద్దుల బండిలో ఒక పూట ప్రయాణం. అవ్వ అంటే మా నాయిన తల్లి. తాత పటేలు. నేను పుట్టకముందే పోయాడు. ఇల్లు, పొలం, ఇద్దరు కొడుకులు అవ్వ చేతికి వచ్చాయి. పెద్దకొడుకు మా నాయిన, చిన్నవాడు చిన్నాయన. ఇద్దరికీ మీసాలు దిట్టంగా ఉండేవి, కానీ అవ్వ వసారాలో దగ్గితే ఇద్దరూ కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడేవాళ్లు. ఆ ఇంటి వాసన అంటే నాకు మొదట గుర్తొచ్చేది జొన్నరొట్టె అంచు మాడిన వాసన, తర్వాత కుసుమ నూనె, ఆ తర్వాత అవ్వ ముక్కుపొడి. వేపపుల్ల నములుతూ ఆమె లేచిందంటే ఇల్లంతా లేవాల్సిందే. రోట్లో పోటు పడే చప్పుడు వినిపించకపోతే, "ఎవరు సచ్చిండ్రే ఇంట్ల, సప్పుడు లేదు" అని అడిగేది. పనులన్నీ మొదలయ్యాక పెరటి గడప దగ్గర ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది. కుడిచేతి వైపు ముక్కుపొడి డబ్బీ, ఎడమచేతి వైపు దొడ్డుప్పు కుండ.

ఆ ఉప్పు వంటకు కాదు. మా పెరట్లో మోటబావి, బావి గట్టున రాతి తొట్టి ఉండేవి. తొట్టి పొంగిన నీళ్లు, మా స్నానాల నీళ్లు సన్నని కాలువలో పారి ఒక గుంతలో నిలిచేవి. నిమ్మచెట్లకూ మల్లెపందిరికీ పనికొస్తుందని తాత తవ్వించి, చుట్టూ బండలు పేర్పించాడట. మా మెట్ట నేలల్లో ఎండాకాలం కూడా ఇంత తడి ఉండే జాగా చుట్టుపక్కల ఇంకోటి లేదు. అందుకని ఊళ్లోని బోదురు కప్పలన్నిటికీ మా పెరడు పుట్టిల్లు. ఎండలు ఉన్నన్నాళ్లు కట్టెల కుప్ప కింద, గాదె కింద, తొట్టి సందుల్లో ఎక్కడెక్కడో ముడుచుకుని ఉండేవి. మృగశిర చినుకు నేలను తాకి మట్టివాసన లేవగానే ఒక్కొక్కటి మెల్లగా బయటికొచ్చేది. ముసలివాళ్లు జాతరకు నడిచినట్టు, తొందర లేకుండా, ఆగి ఆగి వెళ్లి గుంతలో దిగేవి. ఇక చూడండి వాటి గోల! మొగవి గొంతు ఉబ్బించి పిలవడం, ఆడవాటి వీపు ఎక్కి వదలకపోవడం, ఒకదాని మీద ఇంకొకటి పడి తన్నుకోవడం. ఒకటి రెండు రోజులు అంత రభస జరిగి, ఉన్నట్టుండి సద్దుమణిగేది. అప్పుడు వెళ్లి చూస్తే నీళ్లలో గడ్డిపోచలకు చుట్టుకుని పొడుగాటి దండలు కనిపించేవి. తేటగా ఉన్న జిగటలో నల్లని గింజలు వరసగా గుచ్చి ఉండేవి. అచ్చం నల్లపూసలు. ఆ పూసలే తోకకప్పలై, తోకలు రాలి, గోరంత కప్పలై గట్టెక్కి పెరడంతా పరుచుకునేవి. అడుగు తీసి అడుగు వేయడానికి జాగా ఉండేది కాదు.

అవ్వ ఆట అప్పుడు మొదలయ్యేది. గడప దగ్గరికి వచ్చిన పిల్లకప్ప మీద రెండు వేళ్లతో ఉప్పుగల్లు వేసేది. అది ఎగిరేది. పక్కకు పడేది. మళ్లీ ఎగిరేది. తడి ఒంటి మీద నురగ లేచేది, కాళ్లు చాపుకుని వణికేది. "సూడుండ్రే, ఎట్ల కులుకుతుందో" అని మమ్మల్ని పిలిచి మరీ చూపించేది. నవ్వని పిల్లల మీద కోపం. కప్ప ఇంట్లోకి వస్తే దాని వెనక పాము వస్తుందని ఆమె చెప్పే కారణం. పాము ఎప్పుడూ రాలేదు. పాము వచ్చినా అవ్వను చూసి వెనక్కి పోయేదని మా అమ్మ నా చెవిలో అనేది, అది కూడా అవ్వ ఊళ్లో లేనప్పుడు.

గుంతను, అందులోని కప్పలను కనిపెట్టుకుని ఉన్నది ఆ ఇంట్లో ఒక్క మనిషి. ఈదమ్మ చిన్నమ్మ, చిన్నాయన భార్య. ఆమెది లింగాల. అడవి దగ్గరి ఊరి పిల్ల కాబట్టి పురుగన్నా పుట్రన్నా భయం లేదు, అసహ్యం లేదు. పొద్దున వాకిలి చిమ్ముతూ చిమ్ముతూ పిల్లకప్పలను చాటలోకి ఎత్తి, అవ్వ ముక్కుపొడి పీల్చి కళ్లు మూసుకున్న ఆ కాసేపట్లో నిమ్మచెట్ల మొదట్లో దులిపి వచ్చేది. గుంత అడుగంటే రోజుల్లో గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు ఒక్క చుక్క బయట పోయనిచ్చేది కాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తోకకప్పలను చూపించేది. "వీటికి అమ్మలుండరు బిడ్డా. గుడ్డు పెట్టి ఎవరి దారి వాళ్లు పోతరు. గయినా బతుకుతయి సూడు" అనేది. ఆమెకూ అమ్మ లేదు, నాయిన లేడు. ఉన్నది ఒక్క అన్న. ఆ అన్న భార్య, ఆడబిడ్డ పండక్కి వచ్చినా పొయ్యిలో నీళ్లు పోసే రకం.

పెళ్లయి ఎన్నో వానలు వెళ్లిపోయినా ఆమె కడుపు పండలేదు. అవ్వ నోటికి అంతకన్నా రుచి అయినది ఇంకేం దొరుకుతుంది? నలుగురు ఆడవాళ్లు నీళ్లకు వచ్చిన సమయం చూసి, గుంత వైపు చేయి చూపించి అనేది. "కప్పను సూసి నేర్సుకోయే. ఒక్క వాన పడితె బారెడు కంటది. నువ్వు ఎన్ని వానలు సూసినవ్ మా ఇంట్ల?"

చిన్నమ్మ తల వంచుకుని బొక్కెన లాగుతూ ఉండేది. ఒక్కసారి మాత్రం తల ఎత్తకుండానే, "కప్పకు అత్త లేదు గదా అత్తా" అంది. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు పక్కున నవ్వారు. ఆ నవ్వుకు వెల ఆ సాయంత్రం చిన్నమ్మ వీపు చెల్లించింది. రొట్టెల పొయ్యిలోని కొరివి వాత అది. మా అమ్మ కుసుమ నూనె రాస్తూ, "ఎందుకే నీకు గా నోరు" అని తిట్టి ఏడ్చింది. చిన్నమ్మ ఏడవలేదు. "ఒక్క మాట అక్కా. నా బతుకుల ఒక్క మాట అననీ" అంది.

చిన్నాయన గురించి చెప్పాలంటే చెప్పడానికి ఏమీ లేదు. చెడ్డవాడు కాదు. మెత్తనివాడు. ఎంత మెత్తన అంటే ఎవరు ఎటు నొక్కితే అటు సొట్టపడేవాడు. అవ్వ అప్పటికే గద్వాల వైపు పిల్లను వెతికిస్తోంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, చిన్నమ్మకూ తెలుసు. రెండో పెళ్లి చేసుకుని ఈమెను ఒక మూలన ఉండనిస్తే అదొక తీరు. అవ్వకు అది సరిపోలేదు. ఈమెను పూర్తిగా వెళ్లగొట్టాలని ఆమె పట్టుదల. "నేనేడికి పోను బిడ్డా" అని చిన్నమ్మ నన్నే అడిగేది, చిన్నపిల్లను, తోకకప్పలకు బియ్యపు నీళ్లు పోస్తూ.

ఆ ఏడు వాన రాలేదు. మృగశిర వట్టిగా వెళ్లింది, ఆరుద్ర వట్టిగా వెళ్లింది. విత్తనాలు కుండల్లోనే ఉన్నాయి. బావిలో నీళ్లు మట్టిరంగు తిరిగాయి. గుంత అడుగున చాపంత బురద మిగిలితే దాంట్లోనే కప్పలన్నీ కూరుకుని ఉన్నాయి. కప్పతల్లి ఆడాలని ఊళ్లో అనుకున్నారు. మా వైపు వాన ముఖం చాటేస్తే చేసే పని అది. ఒక కప్పను తడిగుడ్డలో కట్టి, వేపమండలు చుట్టి, రోకలికి వేలాడదీస్తారు. పిల్లలు దాన్ని భుజాల మీద మోస్తూ ఇల్లిల్లూ తిరిగితే, ఆడవాళ్లు బిందెతో నీళ్లు కుమ్మరించి చాటలో ఇన్ని జొన్నలు పోస్తారు. తిరగడం అయిపోయాక కప్పను విప్పి నీళ్లలో వదిలేయాలి. అది చల్లగా ఉంటే ఊరు చల్లగా ఉంటుందని నమ్మకం.

అవ్వ ఆ మాట విని, గడపలో కూర్చున్నదల్లా లేచి వసారాలోకి వచ్చింది. ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు. "కప్ప మా గుంతలదే కావాలె. మా చిన్నకోడలే పట్టియ్యాలె" అంది. తర్వాత చిన్నమ్మ వైపు తిరిగింది. "గొడ్రాలు కాలు పెట్టిన ఇంట్ల పెరడు ఎండింది. ఇంటి ఎనుక ఊరు ఎండింది. నీ చేత్తోనే అడుగుదాం. వాన పడ్డదా, మా ఇంట్ల ఒక మూలకు పడి ఉండు. పడలేదా, లింగాలకు బండి కడ్త." ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తప్పని ఎవరూ అనలేదు. వాళ్ల ఇళ్లలో విత్తనాలు ఎండిపోతున్నాయి, ఎవరో ఒకరి వల్లనే ఎండిపోతున్నాయని తెలిస్తే కొంచెం ధైర్యం.

చిన్నమ్మ బురదలోకి దిగింది. ఆమె ఏ కప్ప కోసం వెతుకుతోందో నాకు తెలుసు. అన్నిటికన్నా పెద్దది ఒక ఆడకప్ప ఉండేది. వీపు మీద అణా బిళ్ళంత తెల్లమచ్చ. అవ్వ ఉప్పు ఎప్పుడో పడి, చావకుండా తప్పించుకున్న చోటు అది. "ఇది మొండిది, ఇది బతుకుతది" అని చిన్నమ్మ మెల్లగా నాకొక్కదానికే వినిపించేలా అని, దాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని, తన తడికొంగు చించి వదులుగా కట్టింది. పిల్లలు రోకలి భుజానికెత్తుకుని పాడుతూ కదిలారు. మొదటి నీళ్లు మా ఇంటివే. అవ్వ పోసింది, అమ్మ పోసింది, మా పిల్లలతో పోయించారు. చిన్నమ్మ కూడా చెంబు ముంచుకుని ముందుకొచ్చింది. అవ్వ చేయి అడ్డం పెట్టింది. "నువ్వు పొయ్యకు. నీ చెయ్యి తగిల్తె వచ్చే మబ్బు గూడ మర్లిపోతది." చిన్నమ్మ ఆ నీళ్లు కాళ్ల దగ్గరి బండ మీద ఒంపింది.

సాయంత్రానికి ఊరు తిరగడం అయిపోయి పిల్లలు కప్పను వదలడానికి మా పెరట్లోకి వచ్చారు. అవ్వ రోకలి పట్టుకుని ఆపింది. "ఇడుస్తరా? వానేదిరా ఇడవనీకి? కడుపు సల్లగైతె అది ఎందుకు మొత్తుకుంటది? ఎండల ఏలాడదీయండ్రి. నోరెండితె అదే అరుస్తది. అది అరిస్తె దేవునికి ఇనపడ్తది." పిల్లల వెంట వచ్చిన ముసలామె ఒకతె, "గట్ల చెయ్యొద్దు పటేలమ్మా, కప్పతల్లిని నీళ్లల్ల ఇడవాలె" అని గొణిగింది. "నీ ఇంటి కప్పనా, మా ఇంటి కప్పనా?" అని అవ్వ అడిగింది. ముసలామె జొన్నల మూట సర్దుకుని వెళ్లిపోయింది.

రోకలిని పెరటి చూరుకూ పందిరి గుంజకూ మధ్య కట్టారు. అవ్వ పీట జరిపి దానికి ఎదురుగా కూర్చుంది. మర్నాడు ఎండ కాసింది, ఆ మర్నాడూ కాసింది. చిన్నమ్మ గిన్నెలు కడిగి లేచి పోతూ పోతూ తడిచేతులు దులుపుకున్నట్టు దులిపి, నాలుగు చుక్కలు ఆ గుడ్డ మీద పడేలా చేసేది. అవ్వ అది కనిపెట్టింది. లేచి వెళ్లి వేపమండలు పీకేసి, గుడ్డ కూడా విప్పించి, నడుముకు తాడుతో కట్టించి మళ్లీ పీట మీద కూర్చుంది. కప్ప అరవలేదు. దేవుడికి వినిపించేలా కాదు కదా, పక్కన కూర్చున్న నాకు కూడా వినిపించలేదు. గొంతు మాత్రం కొట్టుకుంటూ ఉండేది, మెల్లమెల్లగా. ఒక మధ్యాహ్నం అదీ ఆగిపోయింది. అవ్వ పుల్లతో పొడిచి చూసింది. పాత చెప్పు తోలులా గట్టిగా ఊగింది.

కప్పతల్లి చావడమంటే ఊరందరికీ అరిష్టం. ఇక అవ్వకు ఊరు బుద్ధి చెబుతుందని నేను అనుకున్నాను. పిల్లల లెక్కలు అలాగే ఉంటాయి. అవ్వ వీధి వాకిట్లోకి వెళ్లి గుండెలు బాదుకుంది. "పట్టింది ఎవరు? కొంగు చించి కట్టింది ఎవరు? గొడ్రాలి చేతిల పడ్డ పానం నిలుస్తదా?" అని ఏడ్చింది. పెరట్లో ఏం జరిగిందో గోడ మీది నుంచి చూసినవాళ్లే తలలు ఊపారు. నిన్నటి దాకా గొణిగిన ముసలామె కూడా ఊపింది.

వసారాలో పెద్దమనుషులు కూర్చున్నారు. చిన్నాయనను అడిగారు, నీ మాటేందని. ఆయన తన కాలి బొటనవేలిని చూసుకుంటూ, "అమ్మ ఎట్లంటె గట్ల" అన్నాడు. మా వాళ్లలో తెగదెంపులంటే పుల్ల విరవడమే. ఆయన చేతికి పుల్ల ఇచ్చారు, విరిచాడు. చిన్నమ్మ చేతికిచ్చారు, ఆమె కూడా విరిచింది. ఆయన విరిచినప్పుడు చప్పుడు రాలేదు, ఆమె విరిచినప్పుడు వచ్చింది. ఆమె మూట కట్టుకుని పెరటి దారిన బండి దగ్గరికి వెళ్తుంటే అవ్వ వెనక నుంచి కేకేసింది. "మెడల నల్లపూసలు మావి. పెట్టి పో." చిన్నమ్మ గుంత గట్టున ఆగింది. దారం పట్టుకుని తనే పుటుక్కున తెంపి, ఎండిపోయి పగుళ్లిచ్చిన ఆ గుంతలోకి విసిరేసింది. "ఏరుకో అత్తా" అంది. పూసలు నెర్రెల్లోకి జారిపోయాయి.

నేను బండి దాకా వెంట వెళ్లాను. ఆమె నా తల నిమిరి, పడమర చూసింది. కొండల మీద చిన్న మబ్బు. లింగాల అడవుల్లో పెరిగిన కళ్లు అవి. "వాన పడ్తది బిడ్డా. నేను వాగు దాటకముందే పడ్తది. అప్పుడు సూడు మీ అవ్వ సంబురం" అంది. ఆమె ముఖం నిండా నవ్వే. అంత భయం పుట్టించిన నవ్వు నేను మళ్లీ చూడలేదు.

పడింది. మేం పిల్లలం అవ్వ హుకుం మీద గుంతలో కూర్చుని నెర్రెల్లో నుంచి పూసలు పుల్లలతో తవ్వుతుంటే మీద పడింది. అవ్వ పెరట్లో నడిమధ్య నిలబడి, తెల్లవెంట్రుకలు ముఖానికి అతుక్కుపోయి, రెండు చేతులూ పైకెత్తి, "పోయింది, పీడ పోయింది" అని అరుస్తూనే ఉంది. ఊరంతా వాకిళ్లలోకి వచ్చి తడిసింది. గొడ్రాలి బండి కదిలింది, మబ్బు కదిలింది. కళ్లెదుట జరిగినదాన్ని కాదనేది ఎవరు? ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మా ఊళ్లో వాన ఆలస్యమైతే ఈ కథనే చెప్పుకునేవాళ్లు. మర్నాటికి గుంత నిండింది. బతికి ఉన్న కప్పలన్నీ దిగి, ఎప్పటిలాగే గోల చేసి, ఎప్పటిలాగే వెళ్లిపోయాయి. నేను వెళ్లి చూస్తే, మేం ఏరలేకపోయిన చోటనే, గడ్డికి చుట్టుకుని నల్లపూసల దండలు. అవ్వ కూడా చూసింది. ఆ ఒక్కసారే ఆమె చేయి ఉప్పు కుండ మీదికి పోకుండా ఆగింది.

గద్వాల వైపు నుంచి బసమ్మ కోడలుగా వచ్చింది. మేళతాళాలతో తెచ్చారు. కన్నడం కలిసిన మాట, గట్టి గొంతు, గట్టి మనిషి. రెండు మూడు వానలు గడిచాయి. ఆమె కడుపూ పండలేదు. అవ్వ గుంత వైపు చేయి చూపించి పాత పాటే ఎత్తుకుంది, కప్పను చూసి నేర్చుకోమని. బసమ్మ ఈదమ్మ కాదు. ఒకరోజు గాజులమ్మే ఆమె మా ఇంటికొచ్చి చేతులకు గాజులు ఎక్కిస్తూ ఊళ్ల కబుర్లు చెప్పిపోయింది. ఆ మధ్యాహ్నం చిన్నాయన రొట్టె తింటుంటే, అవ్వ ఎదురుగా కూర్చుని ఉంటే, బసమ్మ పప్పు వడ్డిస్తూ అంది. "అత్తా, లింగాల ఆమెకు మారుమనువు అయిందంట. అమ్రాబాద్ దిక్కు. కొడుకు పుట్టిండంట, గుండు లెక్క ఉన్నడంట." బసమ్మ గరిట గిన్నెలో పెట్టి అడిగింది. "మరి గొడ్డు ఎవరత్తా? యాకె, ఎందుకు మాట్లాడవు?"

చిన్నాయన తుంచిన రొట్టె ముక్క మళ్లీ కంచంలో పెట్టేశాడు. అవ్వ లేచింది. ఊరగాయలకని తెప్పించి అటక మీద పెట్టిన ఉప్పు బస్తా జీతగాళ్లతో దింపించింది. గుంత దగ్గరికి మోయించి, నోరు విప్పించి, మొత్తం కుమ్మరించింది. నిమ్మచెట్లు పోతాయి అమ్మా అని మా నాయిన అన్నాడు. "పోనీ" అంది. ఆ తొలకరికి కప్పలు వచ్చాయి. వాటికి ఏం తెలుసు, పుట్టిల్లని వచ్చాయి. కొన్ని దిగినట్టే దిగి గట్టెక్కి ఒళ్లు నేలకు రుద్దుకున్నాయి. కొన్ని నీళ్లలోనే వెల్లకిలా పడ్డాయి. మొండివి కొన్ని గుడ్లు పెట్టాయి. నల్లపూసలు రెండు రోజుల్లో తెల్లబడి, జిగట విరిగిపోయి, వాసన ఎత్తుకుంది. చిన్నాయన మోకాళ్ల లోతు దిగి, ఇంకా నల్లగా ఉన్న దండలను కుండలోకి ఎత్తుతుండగా నేను చూశాను. చెరువులో వదలాలని కాబోలు. తన బతుకులో ఆయన ఎవరూ చెప్పకుండా చేసిన పని అదొక్కటే. అవ్వ పీట మీది నుంచి కేకేసింది. "ఏరుకో కొడకా, ఏరుకో. నీకు గవన్న పిల్లలైతయేమో." ఆయన కుండ అక్కడే వదిలేసి గట్టెక్కాడు. నిమ్మచెట్లు ఆ ఏడే ఎండాయి. కప్పలు మళ్లీ మా పెరటికి రాలేదు.

ఇప్పటి మనుషులు మంచివాళ్లని నా కోడలు అంటుంది. కోడళ్లకు వాతలు లేవు, నిజమే. గొడ్రాలనే మాట నా మనవరాలికి చెబితే అర్థం కూడా కాలేదు, దానికి సంతోషమే. కానీ మణెమ్మ పిడికిట్లో ఉప్పు చూసినప్పుడు నాకు ఇంకొకటి తోచింది. అవ్వకు ఆ కప్పలంటే కసి. ఏ కప్ప ఎక్కడుందో తెలుసు, దేని వీపు మీద ఏ మచ్చ ఉందో తెలుసు. ఇప్పుడు గుంతలు పూడ్చి ఇళ్లు కట్టినవాళ్లకు ఆ కసి కూడా లేదు. కిందేముందో చూడనైనా చూడలేదు. ఏది నయమని నన్ను అడిగితే చెప్పలేను. కోపం మాత్రం రెండింటి మీదా వస్తుంది.

మొన్నటి కప్పను బకెట్టులోకి తోసి గేటు దాకా తీసుకెళ్లాను. ఎక్కడ వదలాలో తోచక, సిమెంటు రోడ్డు మీద బకెట్టుతో నిలబడి ఉంటే నాకు వనపర్తి సంత గుర్తొచ్చింది.

నాకు పెళ్లి కుదిరిన ఏడు అది. సామాన్ల కోసం అవ్వ నన్ను వెంటబెట్టుకుని సంతకు బండి కట్టించింది. బట్టలయ్యాక, గిన్నెలయ్యాక, ఉప్పు రాశుల దగ్గర ఆగాం. అవ్వ వంగి గల్లు నోట్లో వేసుకుని రుచి చూస్తోంది. రాశికి అవతలి పక్క నుంచి ఒక పిల్లవాడు చెయ్యి చాపి ఉప్పు పట్టుకోబోయాడు. బొద్దుగా, నల్లగా, మొలకు వెండి గజ్జెలు. అవ్వ తలెత్తి ముందు ఆ చేతిని చూసింది. తర్వాత వాడిని చంకనెత్తుకున్న మనిషిని చూసింది. ఈదమ్మ చిన్నమ్మ. కొంచెం లావయింది. మెడలో కొత్త నల్లపూసలు.

నన్ను చూసి ఆమె ముఖం ఒక్క క్షణం విచ్చుకుంది. అవ్వను చూడగానే కొంగు లాగి పిల్లవాడి ముఖం కప్పేసింది. కుడిచేత్తో ఆ రాశిలో నుంచి పిడికెడు ఉప్పు తీసింది. ఉప్పమ్మేవాడు నోరు తెరిచి ఊరుకున్నాడు. కొడుకు చుట్టూ ఆ ఉప్పు తిప్పుతూ, సంతంతా వినేటట్టు, తొందర లేకుండా దిష్టి తీసింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఉన్నోళ్ల దిష్టి, లేనోళ్ల దిష్టి" అని అందరూ అనేవే అని, చివర ఒకటి తనది కలిపింది. "గొడ్డింటోళ్ల దిష్టి." ఆ ఉప్పు తీసుకెళ్లి నిప్పులోనో నీళ్లలోనో వేయాలి. ఆమె అవ్వ కాళ్ల మీద విసిరికొట్టింది.

అవ్వ ఎగిరింది. ముసలిది, కీళ్ల నొప్పుల మనిషి, రెండు పాదాలూ నేల నుంచి లేచేలా ఎగిరి వెనక్కి పడబోయింది. ఎవరో నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లు తమ పిల్లలను దగ్గరికి లాక్కుని దారి వదిలారు. అవ్వ చుట్టూ వట్టి నేల మిగిలింది. చిన్నమ్మ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. నాకు ఆ రోజు కలిగిన సంతోషం నా పెళ్లికి కూడా కలగలేదు.

బండి ఊరి పొలిమేరకు వచ్చేసరికి అవ్వ ముక్కుపొడి డబ్బీ తీసింది, మళ్లీ పెట్టేసుకుంది. కాలివేళ్ల సందుల్లో ఇరుక్కున్న ఉప్పుగల్లు ఒక్కొక్కటి తీస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"పిల్లగాడు మంచిగున్నడానే?"

"నీ ఎదురుంగనే ఉండె గదా అవ్వా. నువ్వు సూడలేదా?"

"ఏడ సూడనిచ్చింది" అంది అవ్వ.